మతచిత్రంలోని బాధను, చెడును అర్థం చేసుకోవడం ఎలా?

బొమ్మలో ఉన్నది ఎవరో పోల్చుకోగానే అర్థం తెలిసిపోయిందని అనుకోవడం ఇలాంటి చిత్రాల ఎదుట చాలామంది చేసే పొరపాటు. ఫ్రాన్సులోని కోల్మార్ పట్టణంలో, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉన్న ఐసెన్‌హైమ్ బలిపీఠ చిత్రాలను (బలిపీఠం మీద నిలిపే, తలుపుల్లా తెరుచుకునే చెక్క పలకలపై వేసిన బొమ్మలను) తీసుకుని చూద్దాం. మథియాస్ గ్రూనెవాల్డ్ వీటిని 1512–1516 మధ్య చిత్రించాడు.

1. ముందుగా, చిత్రం ఎవరి కోసం వేసినదో తెలుసుకోండి. ఇవి ఐసెన్‌హైమ్ అనే ఊరి మఠం కోసం వేసినవి. అక్కడి సన్యాసులు ‘సెయింట్ ఆంథోనీ అగ్ని’ అనే జబ్బు సోకినవారికి సేవ చేసేవారు. రై (గోధుమలాంటి ధాన్యం) కంకులకు పట్టే ఎర్గాట్ శిలీంధ్రం రొట్టెలో చేరితే ఆ జబ్బు వచ్చేది (మన సజ్జచేలలో తేనెబంక తెగులు తెచ్చేదీ దానికి దగ్గరి శిలీంధ్రమే). కాళ్లూ చేతులూ నిప్పుల్లో పెట్టినట్టు మండి, నల్లబడి, కుళ్లిపోయేవి.

2. ఆ రోగి కళ్లతో శరీరాన్ని చూడండి. సిలువపై క్రీస్తు ఒళ్లంతా పుండ్లు, చర్మంలో విరిగిన ముళ్లు. వేళ్లు కొంకర్లు పోయి పైకి విచ్చుకున్నాయి. మేకులు దిగగొట్టినవారు మాత్రం ఎక్కడా కనబడరు. ఇక్కడ చిత్రకారుడు చూపదలచింది బాధను, బాధించినవారిని కాదు.

3. కథకు పొసగని దాన్ని వెతకండి. క్రీస్తు రాకను ముందుగా చాటిన బాప్తిస్మమిచ్చు యోహాను, క్రీస్తును సిలువ వేసేనాటికే శిరచ్ఛేదానికి గురై మరణించాడు. అయినా సిలువ పక్కన నిలబడి పొడవైన వేలితో క్రీస్తును చూపుతున్నాడు. క్రీస్తు గురించి ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ అని యోహాను అన్న మాట లాటిన్‌లో రాసి ఉంది. అంటే ఇది జరిగిన సంఘటనకు నకలు కాదు, దానికి వ్యాఖ్యానం.

4. చెడుకు ఇచ్చిన రూపాన్ని తొందరపడకుండా పరిశీలించండి. లోపలి పలకలలో ఒకదానిపై దయ్యాలు ఆంథోనీని (ఆ జబ్బుకు పేరిచ్చిన, ఎడారిలో తపస్సు చేసిన సన్యాసిని) జుట్టు పట్టి ఈడుస్తూ, కర్రలతో కొడుతుంటాయి. ఎడమవైపు కింది మూలన పొట్ట ఉబ్బి, ఒళ్లంతా కురుపులతో, బాతుకు ఉన్నట్టు వేళ్ల మధ్య పొర ఉన్న పాదాలతో ఒక ఆకారం ఉంది. అది రోగా, దయ్యమా? తేల్చకుండా వదిలేయడమే చిత్రకారుడి ఉద్దేశమని నా అభిప్రాయం.

5. చివరగా, రాతలను చదవండి. అదే పలకలో కుడివైపు కింద ఉన్న చిన్న కాగితంపై ‘మంచి యేసూ, ఎక్కడున్నావు? నా గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదు?’ అనే అర్థంలో లాటిన్ మాటలున్నాయి. నాలుగో శతాబ్దంలో బిషప్ అథనేసియస్ రాసిన ఆంథోనీ చరిత్రలో ఇలాంటి ప్రశ్నకే ‘ఇక్కడే ఉన్నాను, నీ పోరాటం చూడాలని ఆగాను’ అనే జవాబు దేవుడి నుంచి వస్తుంది. గ్రూనెవాల్డ్ ఆ జవాబును కాగితంపై రాయలేదు. ఆకాశంలో, వెలుగు మధ్య, దేవుణ్ణి చిన్నగా చిత్రించాడు. కాగితం నుంచి చూపును నెమ్మదిగా అక్కడికి తీసుకెళ్లండి; దారి పొడవునా దయ్యాలే అడ్డు తగులుతాయి.