కారు పెయింట్ పోషణ – 2వ పాఠం: గీతలు పడకుండా కడగడం

పోయిన పాఠంలో పెయింట్ పొరలు చూశాం. రేకు మీద ప్రైమర్, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. మెరుపంతా ఆ పై పొరదే. చాలా కార్లకి దాని మందం 35 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటుంది. జిరాక్స్ కాగితం మందంలో సగం అనుకోండి, అంతకన్నా తక్కువే గానీ ఎక్కువ కాదు. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొంత అరిగిపోతుంది, మళ్లీ పెరగదు. అందుకే పాలిషింగ్ మెషిన్ కొనే ఉత్సాహాన్ని కొన్నాళ్లు ఆపుకోమన్నాను. కడగడం సరిగ్గా రానివాళ్లు పాలిష్ చేస్తే, నెల తిరక్కుండానే అవే గీతలు మళ్లీ వస్తాయి.

ముందు మీ కారు పరిస్థితి చూసుకోండి. చీకటి పడ్డాక ఫోన్ టార్చ్‌ని బానెట్‌కి దగ్గరగా పట్టండి. వెలుగు చుట్టూ సాలెగూడు లాగా సన్నటి వలయాలు కనిపిస్తాయి. వీటినే స్విర్ల్ మార్కులు అంటారు. టార్చ్‌ని పక్కకి జరపండి, వలయాలు కూడా దాంతోపాటే జరుగుతాయి. అంటే గీతలు నిజానికి గుండ్రంగా లేవు. అన్ని దిక్కులకీ ఉన్నాయి, వాటిలో వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి, మన కంటికి వలయాలుగా కనిపిస్తున్నాయి. నల్ల కారు, ముదురు నీలం కారు ఉన్నవాళ్లకి ఇది చూశాక కాస్త టెన్షన్ తప్పదు. తెల్ల కారుకీ గీతలుంటాయి, కనిపించవంతే.

ఈ గీతలు ఎక్కడివి? మన ఊళ్లలో జవాబు వెతుక్కోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెల్లారుజామున ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తారు. మొదటి కారు టైర్ల మట్టి ఐదో కారు బానెట్ మీదకి చేరుతుంది. పొడి గుడ్డతోనో, ఈకల దుమ్ము కర్రతోనో రోజూ దులపడం ఇంకా ఘోరం. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, నీళ్లు లేకుండా రుద్దితే అవి గరుకు కాగితం పనే చేస్తాయి. తుడిచేవాళ్ల తప్పేం లేదు, ఆ డబ్బుకి అంతకన్నా ఎవరూ చెయ్యలేరు. డబ్బులు ఇస్తూనే, బయట పెయింట్ ముట్టుకోవద్దు, అద్దాలూ లోపలా చేస్తే చాలని చెప్పండి. రోజూ తుడిచే కారు కన్నా, దుమ్ముతోనే వదిలేసి రెండు వారాలకోసారి పద్ధతిగా కడిగే కారు పెయింటే బాగుంటుంది.

సామాన్ల విషయానికొస్తే, మొదటి డబ్బు గుడ్డల మీద పెట్టండి. కడగడానికి మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కునే మెత్తటి తొడుగు) ఒకటి, ఆరబెట్టడానికి దళసరి టవల్ పెద్దది ఒకటి, చక్రాలకి విడిగా పాత గుడ్డలు. పీహెచ్ న్యూట్రల్, అంటే ఆమ్లమూ క్షారమూ కాని కార్ షాంపూ ఏ కంపెనీదైనా సరే. గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వద్దు, అది వేసిన వ్యాక్స్‌ని కూడా ఊడగొడుతుంది. నురగ చిమ్మే ఫోమ్ గన్ చూడ్డానికి సరదాగానే ఉంటుంది గానీ, ఇప్పుడే అవసరం లేదు. బకెట్లు రెండు కావాలి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మిట్ జాడించడానికి మంచినీళ్లు. జాడించే బకెట్ అడుగున ప్లాస్టిక్ జల్లెడ ఒకటి బోర్లిస్తే, దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు.

కారు నీడలో ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. ముందు చక్రాలు వాటి గుడ్డలతో, విడిగా ఇంకో పాత బకెట్ నీళ్లతో కడిగేసి, ఆ బకెట్ పక్కన పడేయండి. తర్వాత పైపుతో టాప్ మీంచి కిందికి బాగా నీళ్లు పట్టండి. చెయ్యి తగలకుండా ఎంత దుమ్ము పోతే అంత లాభం. ఇక మిట్‌ని షాంపూలో ముంచి టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివరగా డోర్ల అడుగు, బంపర్లు. గుండ్రంగా తిప్పొద్దు, తిన్నగా లాగండి. నొక్కొద్దు, మిట్ బరువే చాలు. ఒక్కో భాగం అయ్యాక మంచినీళ్లలో జాడించి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. మిట్ జారి నేలమీద పడిందా, ఆ రోజుకి దాని పని అయిపోయినట్టే. ఎంత దులిపినా ఇసుక పోదు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీటి చుక్క ఎండిపోతే ఉప్పు అక్కడే మచ్చగా మిగులుతుంది, ఎండలో అది క్లియర్ కోట్‌ని తినేస్తుంది కూడా. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు పారబొయ్యడం ఇష్టంలేక కారు కడిగేవాళ్లున్నారు. పొదుపు మంచిదే, కానీ ఆ నీళ్లలో ఉప్పు మామూలు బోరు నీళ్లకన్నా ఇంకా ఎక్కువ. వాటిని చక్రాలకీ, ఫ్లోర్ మ్యాట్లకీ వాడుకోండి. మున్సిపల్ నీళ్లు దొరికితే ఆఖరి కడుగుడుకి అవి ఉంచుకోండి. ఏ నీళ్లయినా వాటంతటవి ఆరనివ్వొద్దు. టవల్‌ని తడి మీద పరిచి, రెండు చివరలూ పట్టుకుని మెల్లగా మీవైపు లాక్కోండి, రుద్దాల్సిన పనే ఉండదు. డోర్లు, డిక్కీ తెరిచి అంచుల్లో నిలిచిన నీళ్లు పాత గుడ్డతో తుడవండి.

పైపు, కుళాయి లేని పార్కింగ్ వాళ్లకి రిన్స్‌లెస్ షాంపూలున్నాయి, అంటే తుడిచాక మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేనివి. 2024 మార్చిలో నీటి కరువప్పుడు బెంగళూరు నీటి బోర్డు, తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. అలాంటి చోట్ల ఒక్క బకెట్‌తో పని అయిపోతుంది. కొన్ని మైక్రోఫైబర్ గుడ్డలు ఆ షాంపూ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక్కో భాగానికి ఒక శుభ్రమైన వైపు వాడాలి. వాడిన గుడ్డ మళ్లీ బకెట్‌లోకి వెళ్లకూడదు. వానలో బురద పట్టిన కారుకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

పని అయ్యాక మైక్రోఫైబర్ గుడ్డల్ని విడిగా ఉతకండి. నూలు బట్టలతో కలిపితే పీచు పట్టుకుంటుంది, కంఫర్ట్ లాంటివి వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తాయి. కారుని వీధి చివరిదాకా నడిపి, మెల్లగా రెండు మూడుసార్లు బ్రేక్ వేసి తీసుకురండి, డిస్క్‌లు ఆరిపోతాయి.

మూడో పాఠంలోకి వచ్చేముందు ఒక పని చెయ్యండి. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని వేళ్లతో నిమరండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవర్ లోంచి తెలుస్తుంది. డోర్లు, డిక్కీ, టాప్ కూడా అలాగే చూసి, ఎక్కడెక్కడ గరగరలాడుతోందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో క్లే ముద్ద (పెయింట్‌కి అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టుకుని మొదలుపెట్టేది ఆ చోట్లనుంచే.