ట్యాంకర్ బిల్లు నోటీసులో సరైన ఇంగ్లిష్ క్రియ (నా అనుభవం)

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ ఇంగ్లిష్ నోటీసులు నేనే దిద్దుతాను. నీళ్ల ట్యాంకర్ బిల్లు దగ్గర క్రియ తప్పితే గొడవే. ‘డిస్ట్రిబ్యూటెడ్ ది బిల్’ అంటే బిల్లు కాగితాలు ఇంటింటికీ పంచారని చదువుకుంటారు. ‘షేర్డ్ ది బిల్ విత్ ఓనర్స్’ అన్నా చూడమని పంపినట్టే, కట్టాలని ఎవరికీ తట్టదు.

అందరికీ సమానంగా పడితే ‘డివైడెడ్ ఈక్వలీ అమాంగ్ ది ఫ్లాట్స్’ అని మార్చాను. ఎన్ని వాటాలో చెప్పాలంటే ‘ఇంటూ’ రావాలి: ‘డివైడెడ్ ఇంటూ టెన్ షేర్స్’. విస్తీర్ణాన్ని బట్టి వేసేటప్పుడు మాత్రం ‘అపోర్షన్’ (నిష్పత్తి ప్రకారం పంచడం) తప్ప ఇంకోటి పెట్టను. బిల్లు 10,000 రూపాయలు, ఫ్లాట్లు రెండు, ఒకటి 1,200 చదరపు అడుగులు, ఇంకోటి 1,800 అనుకోండి. నిష్పత్తి 2:3, వాటాలు 4,000, 6,000. ఈ లెక్క నోటీసులోనే కనబడాలి, లేకపోతే ఆ క్రియ రాసీ లాభం లేదు.

పెయింటింగ్‌కని ముందే డబ్బు కేటాయిస్తే ‘అలొకేట్’, దాని పక్కన ‘ఫర్’. పార్కింగ్ స్థలం ఫలానా ఫ్లాటుకి ఇస్తే ‘అలాట్’, పక్కన ‘టు’. ‘అలాటెడ్’ స్పెల్లింగులో టీ రెండుసార్లు.

వేసవిలో నీళ్లు గంటల చొప్పున వదిలితే ‘రేషన్’ సరిపోతుంది. ‘డోల్ అవుట్’ వద్దు. డబ్బు కట్టినవాళ్లకి దయతలచి పోసినట్టు వినిపిస్తుంది.