అంగన్‌వాడీ పోస్టుకు దరఖాస్తు: చిక్కంతా నివాస ధ్రువపత్రం దగ్గరే

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టులకు ప్రకటన రాగానే సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయాల దగ్గర దళారులు తయారవుతారు. దరఖాస్తుకు రుసుము లేదు. ఫారం ఎవరికి వారే నింపుకోవచ్చు. వివాహిత అయి, పదో తరగతి పాసై, ఆ ఏడాది జూలై 1 నాటికి 21 ఏళ్లు నిండి, 35 దాటకుండా ఉండాలి. మీ ఊరి పోస్టు ఏ వర్గానికి రిజర్వు అయిందో మాత్రం ముందే చూసుకోండి.

పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించాలి. ఇవి దాదాపు అందరి దగ్గరా ఉండేవే.

ఎక్కువ మంది వెనుదిరిగేది నివాసం దగ్గర. అభ్యర్థి అదే గ్రామంలో, పట్టణమైతే అదే వార్డులో ఉండాలి. పెళ్లై అత్తవారింటికి వచ్చిన అమ్మాయి ఆధార్‌లో పుట్టింటి చిరునామా, తండ్రి పేరు అలాగే ఉండిపోతాయి. పిల్లలు పుట్టి బడికి వెళ్తున్నా ఆ కార్డు మారదు. పరిశీలనలో ‘స్థానికురాలు కాదు’ అని పక్కన పెట్టేది అందుకే. ఆ ఊళ్లోనే కాపురం ఉంటున్న మనిషికి ఇలా జరగడం అన్యాయం. కానీ కాగితం లేకుండా వాదించి లాభం లేదు.

అందుకే ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే కదలండి. మెట్టినింటి చిరునామాతో వేరే ఆధారం లేకపోయినా కంగారు అక్కర్లేదు. కుటుంబ పెద్ద, అంటే ఇక్కడ భర్త, ఆధార్ ఆధారంగా చిరునామా మార్చుకునే వీలు 2023 జనవరి నుంచి ఉంది. వివాహ ధ్రువపత్రమో, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డో జతచేస్తే భర్తకు సమాచారం వెళ్తుంది. ఆయన 30 రోజుల్లోగా ఆమోదించాలి, లేకపోతే అర్జీ రద్దవుతుంది. తర్వాత మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో నివాస ధ్రువపత్రానికి అర్జీ పెడితే వీఆర్వో విచారణ చేస్తారు, తహసీల్దారు జారీ చేస్తారు. గడువుకు రెండు రోజుల ముందు పరుగెత్తితే ఇది చేతికి రాదు, దళారి చేతిలో పడేదీ అప్పుడే.

స్థానికురాలే కావాలనడం వెనుక కారణం ఉంది. అంగన్‌వాడీ కేంద్రం అన్నం, గుడ్డు పెట్టి పంపే చోటు మాత్రమే కాదు. 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువు కూడా) శిక్షణలో కార్యకర్తలకు మూడేళ్ల లోపు పిల్లలతో తల్లిదండ్రులు ఇంట్లో ఏం మాట్లాడాలి, ఏం ఆడించాలి అన్నదీ నేర్పుతున్నారు. అది గడప గడపకూ చెప్పాలంటే ఆ వీధి మనిషే కావాలి.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, తేదీ తప్పకుండా వేయించుకోండి. ఎంపిక మార్కులను బట్టే: ఇటీవలి ప్రకటనల్లో నూటికి 50 మార్కులు పదో తరగతి చదువుకే, మౌఖిక పరీక్షకు 20. కాబట్టి ఎవరైనా అధికారి పేరు చెప్పి డబ్బు అడిగితే ఏసీబీకి 1064కు ఫోను చేయండి.