బ్రౌన్ గోడలు: షేడ్ ఎంపిక నుంచి చివరి కోటు దాకా

షేడ్ కార్డులో అగ్గిపెట్టెంత ముక్క చూసి బ్రౌన్ ఎంచుకుంటే, గోడెక్కాక అది వేరే రంగులా కనిపించడం దాదాపు ఖాయం. క్రీమ్‌లోనో తెలుపులోనో కాస్త తేడా వచ్చినా ఎవరి కంటా పడదు. బ్రౌన్‌లో ఎరుపు, పసుపు, నలుపు మూడూ కలిసి ఉంటాయి కాబట్టి గదిలోకి వచ్చే వెలుతురు, కింద ఉన్న ఫ్లోరింగు వీటిలో దేన్ని పైకి లాగితే గోడ అటే తిరుగుతుంది. అందుకే షాపుకి వెళ్లే ముందు గదిని చూడాలి.

ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలోకి ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు. అక్కడ బూడిద ఛాయ ఉన్న బ్రౌన్ వేస్తే గోడ తడిసిన అట్టముక్కలా నిర్జీవంగా ఉంటుంది. ఆ గదికి బెల్లం రంగు, చందనం రంగు లాంటి పసుపు లేదా ఎరుపు ఛాయలు పట్టుకోవాలి. పడమటి కిటికీ ఉంటే దీనికి తిరగేసి ఆలోచించాలి. సాయంత్రం ఎండకు ఎర్ర ఛాయ బ్రౌన్ ఇటుక రంగులోకి పోతుంది కాబట్టి, బూడిద కలిసిన షేడ్ అక్కడ చక్కగా నిలుస్తుంది. ఏ షేడ్‌లో ఏ ఛాయ ఉందో తెలియాలంటే దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, పక్కనే మరో రెండు బ్రౌన్లు పెట్టండి. విడిగా చూస్తే మామూలు బ్రౌన్‌లా ఉన్నదే, పక్కన ఇంకోటి పడగానే గులాబీగానో ఆకుపచ్చగానో బయటపడుతుంది.

ఫ్లోరింగు సంగతి చాలామంది చివర్లో తలుచుకుంటారు, కానీ అది మార్చలేనిది కాబట్టి మొదటే చూడాలి. మన ఫ్లాట్లలో ఎక్కువగా ఉండే ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ మీద పసుపు ఛాయ బీజ్ (లేత గోధుమ రంగు) వేస్తే గోడకూ నేలకూ తేడా తెలియక గదంతా పాలిపోతుంది. అక్కడ గోడ రంగు నేల కంటే స్పష్టంగా ముదురుగానైనా ఉండాలి, బూడిద వైపైనా మొగ్గాలి. నీలి బూడిద తాండూరు బండలకు పసుపు ఛాయ బ్రౌన్ బాగా కలుస్తుంది. రెడ్ ఆక్సైడ్ గచ్చున్న పాత ఇళ్లలో గోడకు కూడా ఎర్ర బ్రౌన్ వేస్తే గది బరువెక్కుతుంది, లేత బిస్కెట్ రంగే మేలు. టేకు తలుపుల విషయంలో ఒకటే సూత్రం: తలుపు ఎంత ముదురో గోడ అంతే ముదురు ఉండకూడదు. షేడ్ కార్డు పట్టీలో కనీసం రెండు మెట్లు పైకో కిందికో జరగాలి. లేకపోతే డబ్బు పోసి చేయించిన తలుపు గోడలో కలిసిపోతుంది.

చాలా కంపెనీలు ప్రతి షేడ్‌కీ ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. గోడ ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్పే లెక్క ఇది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. చాక్లెట్, కాఫీ పొడి రంగులు సుమారు 10 దగ్గరో అంతకన్నా తక్కువో ఉంటాయి, బీజ్‌లు 50 పైన ఉంటాయి. నాలుగు గోడలకూ ఒకే రంగు వేయాలనుకుంటే 50కి తగ్గని షేడ్ తీసుకోండి. ఒక్క గోడకే అయితే 10 కూడా ఫర్వాలేదు.

ఆ ఒక్క గోడ ఏది? కిటికీ ఉన్న గోడ మాత్రం వద్దు. వెలుతురు వెనక నుంచి వస్తుంది కాబట్టి ముదురు బ్రౌన్ అక్కడ నల్లగా కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగోడ అన్నిటికన్నా మంచిది, రంగు ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. పక్క గోడ మీద వెలుతురు ఏటవాలుగా జారుతుంది కాబట్టి లప్పంలోని ప్రతి ఎగుడుదిగుడూ తెలుస్తుంది. బెడ్‌రూమ్‌లో మంచం తలవైపు గోడ ఎంచుకుంటే పడుకున్నప్పుడు ముదురు రంగు కళ్ల ముందు ఉండదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, దీన్ని ఇప్పుడు తక్కువమంది వాడుతున్నారు. పల్లె ఇళ్లలో గోడ అడుగున జాజుతోనో ఎర్రమన్నుతోనో పట్టీ తీసి పైన సున్నం వేసేవారు. నేల కడిగినప్పుడు పడే చిందులు, వానకు ఎగిరే మట్టి ఆ పట్టీ మీదే పడి కనబడకుండా పోయేవి. అదే పద్ధతిలో హాల్లో 3 అడుగుల ఎత్తు వరకు ముదురు బ్రౌన్, పైన క్రీమ్ వేస్తే కుర్చీల వీపు రాపిడి, పిల్లల చేతి మరకలు, నేల తుడిచే మాపు చారలు అన్నీ కింది భాగానికే పరిమితం. గది కూడా చీకటి పడదు. పిల్లలున్న ఇంట్లో ఒక్క గోడ ముదురుగా వేయడం కన్నా ఇదే మేలు.

నిర్ణయానికి ముందు శాంపిల్ తప్పనిసరి. 2 అడుగుల చదరపు డ్రాయింగ్ షీట్ మీద, చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలి, రెండు కోట్లు వేయండి. గోడ మీదే వేస్తే చుట్టూ ఉన్న పాత రంగు కన్నును మోసం చేస్తుంది. షీటును పొద్దున, సాయంత్రం నాలుగింటికి, రాత్రి దీపాల కింద ఒక్కో గోడకు ఆనించి చూడండి. రాత్రి చూడటం మరీ ముఖ్యం. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద బ్రౌన్ బూడిదగా మారిపోతుంది, 3000 కెల్విన్ పసుపు దీపం కింద నిండుగా ఉంటుంది. బల్బులు మార్చే ఆలోచన ఉంటే ముందు అవి మార్చి, తర్వాత షేడ్ ఖరారు చేయండి.

ఎంత కొనాలి

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. నాలుగు గోడలు కలిపి 480 చదరపు అడుగులు. తలుపుకు 21, కిటికీకి 20 తీసేస్తే 439 మిగులుతుంది. మంచి ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) నున్నటి గోడ మీద రెండు కోట్లకు లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. వీటిలో ఒక్క గోడే ముదురుగా వేస్తే అది 120 అడుగులు, అంటే రెండు కోట్లకు లీటరు, కానీ ముదురు రంగుకు మూడో కోటు పట్టడం మామూలే కాబట్టి లీటరున్నర లెక్క వేసి రెండు లీటర్లు తీసుకోండి. మిగతా 319 అడుగుల లేత రంగుకు రెండున్నర లీటర్లు పడుతుంది. అన్నీ ఒకేసారి మిషన్ మీద కలిపించి, ఒకే షేడ్ డబ్బాలన్నీ పెద్ద బకెట్లో పోసి కలిపి వాడాలి. గోడ మధ్యలో డబ్బా మారితే అతుకు కనిపించే ప్రమాదం బ్రౌన్‌లో చాలా ఎక్కువ.

గోడ సిద్ధం చేయడం

అసలు పని ఇదే. తెల్ల గోడలో దాగిపోయే లోపాలన్నీ ముదురు గోడలో బయటకొస్తాయి. ముందు చెమ్మ చూడాలి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అతికించి రాత్రంతా వదిలేయండి. పొద్దున లోపలి వైపు నీటి తడి ఉంటే రంగు పని ఆపాలి. బాత్రూమ్ పైపు కారుతోందా, టెర్రస్ నుంచి దిగుతోందా అని వెతికి అది బాగుచేయించాకే ముందుకు వెళ్లాలి. చవుడు తేలిన చోట నీళ్లతో కడగకండి, ఉప్పు మళ్లీ గోడలోకి ఇంకుతుంది. పొడి బ్రష్‌తో రాల్చాలి. బ్రౌన్ మీద చవుడు పిండి చల్లినట్టు కనిపిస్తుంది, దాన్ని ఏ పెయింటూ ఆపలేదు.

లప్పం రెండు పలుచని కోట్లు. మొదటిది ఆరాక 180 నంబరు ఎమరీ పేపర్‌తో, రెండోది ఆరాక 320తో రుద్దాలి. తర్వాత రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ని గోడకు ఆనించి పక్కకి వెలుగు పడేలా జరపండి. కరణి గీతలు, గుంటలు, చిన్న చిన్న రంధ్రాలు నీడలతో సహా కనబడతాయి. పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఆ చోట్లు సరిచేయించండి. దుమ్ము పొడిగుడ్డతో తుడవకుండా ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొడితే అది దుమ్మునే పట్టుకుంటుంది, కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది.

ముదురు గోడకు తెల్ల ప్రైమర్ అలాగే వేయొద్దు. లీటరు నీటి ప్రైమర్‌లో 20 నుంచి 25 మిల్లీలీటర్ల బ్రౌన్ స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) కలిపి వేస్తే, పైన రంగు కోటు త్వరగా నిండుతుంది. మూలల్లో తెలుపు తొంగిచూడదు.

రంగు వేయడం

నీళ్లు డబ్బా మీద రాసినంతే, అదీ కొలిచి. రంగు పలుచనైతే ముదురు గోడ మచ్చలు మచ్చలుగా వస్తుంది, అదే పలుచని రంగుతో ఇంకో కోటు వేసినా ఆ మచ్చ పోదు. ఫ్యాను, ఏసీ ఆపండి. వేసవి మధ్యాహ్నం పడమటి గోడ వేడెక్కి ఉంటుంది, రోలర్ దాటేలోపే రంగు ఆరిపోతుంది. పొద్దునే మొదలుపెట్టడం మంచిది.

అంచులన్నీ ఒకేసారి బ్రష్‌తో గీసి తర్వాత రోలర్ పట్టుకుంటే, అంచులు ఆరిపోయి గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు చార పడుతుంది. మూడడుగుల అంచు రెండంగుళాల బ్రష్‌తో గీయాలి, వెంటనే ఆ మూడడుగుల మేర 9 అంగుళాల రోలర్‌తో పైనుంచి కింది దాకా దించాలి, తడి ఆరకముందే పక్క భాగానికి వెళ్లాలి. ఇద్దరు ఉంటే ఒకరు బ్రష్, ఒకరు రోలర్. గోడ మధ్యలో టీకి ఆగకూడదు, మూలకు చేరాకే ఆగాలి. కోటుకూ కోటుకూ మధ్య కనీసం 4 గంటలు, వానాకాలంలోనూ కోస్తా ఊళ్లలోనూ 6 నుంచి 8 గంటలు.

బ్రౌన్, క్రీమ్ కలిసే గీత పదునుగా రావాలంటే టేపు అంటించాక దాని అంచు మీద ముందు క్రీమ్ రంగే పలుచగా కొట్టండి. టేపు కింద సందులు ఉంటే క్రీమే దూరి మూసేస్తుంది. అది ఆరాక బ్రౌన్ వేయండి, చివరి కోటు తడిగా ఉండగానే టేపును వాలుగా లాగేయండి.

మ్యాట్ ఫినిష్ గోడ వంకరలను దాస్తుంది, కానీ ముదురు మ్యాట్ మీద చెయ్యి రాసుకున్నా మెరుపు గీత పడుతుంది. జనం తిరిగే హాలుకు తక్కువ మెరుపున్న ఉతికే రకం, బెడ్‌రూమ్‌కు మ్యాట్. ముదురు షేడ్లలో రంగు పదార్థం ఎక్కువ కాబట్టి పైపొర గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు తడిగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డకు బ్రౌన్ అంటుతుంది. సోఫా కూడా గోడకు జానెడు దూరంలోనే ఉంచండి. వాన రోజుల్లో కొత్త గోడ మీద జిగట చారలు దిగితే కంగారు పడక్కర్లేదు. పెయింట్‌లోని కరిగే పదార్థాలు తేమకు పైకి వస్తాయి. గోడ ఆరి గట్టిపడ్డాక మామూలు నీళ్లతో మెల్లగా తుడిస్తే పోతాయి.

రోలర్ అతుకు చారలు మిగిలితే ఆ చార మీదే మళ్లీ రంగు పెట్టకండి, మచ్చ ఇంకా పెద్దదవుతుంది. 320తో మెల్లగా రుద్ది, మూల నుంచి మూల దాకా గోడంతా ఒక కోటు వేయాలి. మిగిలిన రంగును మూత బిగుతుగా ఉండే చిన్న సీసాలోకి నిండా పోసి, దాని మీద షేడ్ కోడ్, బేస్ (రంగు కలపడానికి వాడిన మూల పెయింట్) పేరు, కలిపించిన తేదీ రాసిపెట్టండి. ఏడాది తర్వాత మేకు రంధ్రం పూడ్చాల్సి వస్తే ఆ సీసాలోంచి సన్నని బ్రష్ కొనతో రంధ్రం మేరకే ముట్టించాలి.