పాత ప్రసంగాల టేపులు: భద్రపరచడం, పంచుకోవడం
4వ పాఠం: వివరాల చీటీ

గత పాఠంలో నాయకుడి ప్రసంగాన్ని క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాం, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా. అదే మూలప్రతి. ఇక దాని జోలికి పోకండి. టేపు బుస్సుమనే చప్పుడు తగ్గించాలన్నా, గొంతు పెంచాలన్నా నకలు తీసి దాని మీదే చేయండి. స్టీరియోలో గంట నిడివి మూలప్రతి 2 గిగాబైట్లు దాటుతుంది కాబట్టి పంచుకోవడానికి ఎంపీ3 నకలు చాలు.

చప్పట్లు, నినాదాలు, మైకు సర్దే చప్పుడు వినగానే కత్తిరించాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. ఏ మాటకు సభ హోరెత్తిందో, ఏ మాటకు చప్పబడిందో అచ్చయిన ప్రసంగంలో కనిపించదు. టేపు విలువ సగం అక్కడే ఉంది.

ఇప్పుడు చీటీ. వక్త, స్థలం, సందర్భం, క్యాసెట్ ఎవరి దగ్గరిది, ఏ పక్క, ఎప్పుడు ఎక్కించారు అన్నవి తేలికే. తిప్పలన్నీ తేదీతోనే. ప్రసంగించిన తేదీ, రికార్డు చేసిన తేదీ వేర్వేరు గడుల్లో రాయండి. చర్చిల్ 1940 జూన్ 4న బ్రిటన్ దిగువసభలో చేసిన ప్రసిద్ధ ప్రసంగం అప్పుడు రికార్డు కాలేదు. ఈనాడు మనం వినేది 1949లో ఆయన తన ఇంట్లో మళ్లీ చదివి రికార్డు చేయించినది. చీటీ మీద ఒక్క 1940 అనే రాస్తే, ఆ గొంతును సభలోనిదే అనుకుంటారు.

తేదీ తెలియకపోతే ఊహించకండి. ‘తేదీ లేదు, పెట్టె మీద పెన్సిలుతో ఎన్నికల సభ అని ఉంది’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ పెట్టె మాటనూ పూర్తిగా నమ్మకండి: పాత రికార్డింగు మీదే మళ్లీ రికార్డు చేసిన క్యాసెట్లు ఎన్నో. మొదటి నుంచి చివరిదాకా విన్నాకే చీటీ పూర్తిచేయాలి.

చీటీ చివర ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్, అంటే ఫైలులోని డేటాను బట్టి కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే గుర్తు, చేర్చండి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64 అక్షరాల వరుస మారిపోతుంది. వేరే డిస్కులోకి నకలు తీసిన ప్రతిసారీ సరిచూసుకోండి.

పంచుకునే ముందు హక్కుల సంగతి. బహిరంగ సభలో మాట్లాడాడు కాబట్టి ప్రసంగం అందరి సొత్తే అనుకోవద్దు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో లక్షల మంది ముందు చేసిన ప్రసంగాన్ని టీవీల్లో ప్రసారం చేశారు. అంతమాత్రాన కాపీరైట్ పోదని 1999లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. చట్టాలు దేశానికో తీరు. మీ దేశపు చట్టం చూసుకోండి.

ముక్కలు పంచుకునేటప్పుడు మరింత జాగ్రత్త. ప్రత్యర్థి మాటను అప్పజెప్పి, తర్వాత ఖండించడం నాయకులకు అలవాటు. ఖండన కత్తెరకు పోతే ప్రత్యర్థి మాట వక్త నోటిదే అయి కూర్చుంటుంది. ముక్క ఎన్నో నిమిషం నుంచి తీసుకున్నదో రాసి, పూర్తి రికార్డింగు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

అభ్యాసం: ఒక క్యాసెట్‌కు చీటీ రాయండి. తెలిసినదాన్ని, ఊహించినదాన్ని వేరు చేయండి. టేపు వినని మరొకరికి ఆ చీటీ చదవనిచ్చి, వాళ్లు అడిగే ప్రశ్నలు రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ ప్రశ్నలతో మొదలుపెడదాం.