పోటీ కమాండర్‌లో చేతిలో ఉన్న ఒక్క కౌంటర్ ఎప్పుడు వాడాలి

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఇద్దరాటకు అలవాటు పడి, కొత్తగా పోటీ కమాండర్ (సాధారణంగా నలుగురు ఆడే పద్ధతి) టేబుల్‌కి వచ్చేవాళ్లు కనిపించిన ప్రతి స్పెల్‌నీ (ఆడిన కార్డునీ) కౌంటర్ చేసేస్తుంటారు, అంటే పని చేయకుండా ఆపేస్తుంటారు. ఇద్దరే ఉన్నప్పుడు మీదో కార్డు, అవతలివాళ్లదో కార్డు పోతే లెక్క సరి. నలుగురు కూర్చున్న చోట మీరిద్దరూ చెరో కార్డు వదులుకుంటే మిగతా ఇద్దరూ పైసా ఖర్చు లేకుండా ముందుకెళ్లిపోతారు. అందుకే కౌంటర్ ఉన్నది ఎదుటివాళ్ల గెలుపును ఆపడానికి, లేదా మీ గెలుపును కాపాడుకోవడానికి. మధ్యలో వచ్చేవి ఎంత చిరాకు పెట్టినా చాలావరకు వదిలేయండి.

మొదటి ఏడు కార్డుల దగ్గరే సగం ఆట తేలిపోతుంది. మల్టీప్లేయర్‌లో మొదటి ముల్లిగన్ (చేతిలో కార్డులు మార్చి మళ్లీ తీసుకోవడం) ఫ్రీ, మళ్లీ ఏడు తీసుకున్నా ఒక్క కార్డు కూడా అడుగున పెట్టక్కర్లేదు, కాబట్టి "పర్లేదులే" అనిపించే కార్డుల్ని మొహమాటం లేకుండా తిప్పి పంపండి. మానా (కార్డులు ఆడటానికి కట్టే శక్తి) ఉండాలి, దాంతో పాటు కార్డులు తెచ్చిపెట్టేదో, కావాల్సింది వెతికిచ్చే ట్యూటరో ఒకటి ఉండాలి. రెండు ల్యాండ్లు (మానా ఇచ్చే కార్డులు), నాలుగు కౌంటర్లు చూస్తే ధైర్యంగానే ఉంటుంది గానీ, దాంతో మీరు టేబుల్‌కి కాపలా కాస్తారు, గెలిచేది ఇంకొకరు.

ఎక్కువగా ఎదురయ్యే కాంబోనే (కలిసి గేమ్ గెలిపించే కార్డుల జతనే) తీసుకుందాం. థాసాస్ ఒరాకిల్‌కి రెండు మానా, డెమోనిక్ కన్సల్టేషన్‌కి ఒకటి, మొత్తం మూడే. ఒరాకిల్ అనే క్రీచర్ దిగాక దాని ట్రిగర్ (దిగగానే దానంతటదే మొదలయ్యే ప్రభావం) స్టాక్ మీద, అంటే అమలు కావాల్సిన వరుసలో ఉండగానే కన్సల్టేషన్ వేసి, డెక్‌లో లేని కార్డు పేరు చెబుతారు, లైబ్రరీ (ఇంకా తీయని కార్డుల కట్ట) మొత్తం ఎగ్జైల్ అయి ఆట బయటికి పోతుంది, ఆ తర్వాత ట్రిగర్ రిజాల్వ్ అయితే (అమలైతే) గేమ్ అయిపోయినట్టే. ఈ దశలో ఒరాకిల్‌ని చంపినా లాభం లేదు, డివోషన్ (వాళ్ల ముందున్న కార్డుల మీది బ్లూ మానా గుర్తుల లెక్క, ఇది లైబ్రరీలోని కార్డుల సంఖ్యకు తగ్గకపోతే ఒరాకిల్ గెలిపిస్తుంది) సున్నా అయినా లైబ్రరీలోనూ సున్నా కార్డులే కాబట్టి వాళ్లే గెలుస్తారు. స్వాన్ సాంగ్ అనే కౌంటర్ క్రీచర్‌ని ముట్టుకోలేదు, కాబట్టి కన్సల్టేషన్ వచ్చేదాకా ఆగక తప్పదు. ఏ స్పెల్‌నైనా ఆపే ఫోర్స్ ఆఫ్ విల్ ఉన్నా నేనైతే ఆగుతాను, ఎందుకంటే కన్సల్టేషన్ ఆగిపోతే ట్రిగర్ ఉత్తినే పోయి రెండు ముక్కలూ ఒకేసారి ఖర్చవుతాయి. ట్రిగర్లను ఆపే స్టైఫిల్ ఉంటే ఇంకా మంచిది: కన్సల్టేషన్‌ని పూర్తిగా జరగనిచ్చి ట్రిగర్‌ని ఆపండి, ఖాళీ లైబ్రరీతో మిగిలిపోయిన ఆ ప్లేయర్ తర్వాత కార్డు తీయాల్సి రాగానే ఓడిపోతారు.

ఇక ప్రయారిటీ, అంటే స్పందించే వంతు. ఇది సరిగ్గా అర్థమైతే ఆట స్థాయే మారిపోతుంది. గెలవబోయే ప్లేయర్ ఎడమవైపు కూర్చున్నవాళ్లకి ముందు అవకాశం వస్తుంది, కుడివైపు వాళ్లకి చివరగా. చివర ఉన్నది మీరైతే తప్పించుకునే దారే లేదు, ముందు ఇద్దరూ పాస్ అంటే మీరే ఆపాలి. మొదట ఉన్నది మీరైతే, వెనకవాళ్ల దగ్గర కౌంటర్లకు కావాల్సిన బ్లూ మానా వాడకుండా ఉందో, చేతిలో ఎన్ని కార్డులున్నాయో చూసుకుని పాస్ అనొచ్చు. చివరి ప్లేయర్ కౌంటర్ వేస్తే, దాని మీద ఇంకో కౌంటర్ పడితే ప్రయారిటీ మళ్లీ మీ దాకా వస్తుంది, అప్పటికి మీ కార్డు మీ చేతిలోనే ఉంటుంది. వాళ్లిద్దరికీ మానా లేదని తెలిసి కూడా పాస్ అనడం మాత్రం తెలివి కాదు, ఆటను చేతులారా అప్పగించడం.

మీరు గెలవడానికి అన్నిటికన్నా మంచి సమయం వేరేవాళ్ల ప్రయత్నం ఆగిపోయిన మరుక్షణం. టేబుల్ మీద కౌంటర్లు అప్పుడే ఖర్చయి ఉంటాయి, మానా ట్యాప్ అయి (వాడేసి) ఉంటుంది. వైట్ రంగు కార్డులు ఆడుతుంటే ముందు సైలెన్స్ అనే స్పెల్ వేయండి, దాన్ని ఆపడానికి ఎవరో ఒక కౌంటర్ వాడాల్సిందే, వాడకపోతే ఆ టర్న్‌లో ఇంకెవరూ స్పెల్ వేయలేరు.

ఎదుటివాళ్ల దగ్గర రిస్టిక్ స్టడీ (మీరు స్పెల్ వేసినప్పుడల్లా ఒక మానా కట్టకపోతే వాళ్లకి ఒక కార్డు ఇచ్చేది) ఉంటే ఆ ఒక్క మానా కట్టండి. మూడు మానా స్పెల్ బదులు రెండు మానాది వేసి ఒకటి కట్టడం నెమ్మదిగా అనిపిస్తుంది, కానీ కట్టని ప్రతిసారీ మిమ్మల్ని ఆపబోయే కార్డుని మీరే వాళ్లకి ఇస్తున్నట్టు. మిగతా ఇద్దరితో కూడా నోరు తెరిచి చెప్పండి, ముగ్గురూ కడితేనే దానికి విలువ.

పాత డెక్ లిస్టు చూసి కట్టుకుంటుంటే ముందు తేదీ చూడండి, వేగంగా మానా ఇచ్చే మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ 2024 సెప్టెంబర్‌లో బ్యాన్ అయ్యాయి, వాటి మీద ఆధారపడిన లిస్టులు ఇప్పుడు అంత వేగంగా నడవవు.