బోటు ఇంజన్ పని – నాలుగో పాఠం: గ్లాండ్ కారుతోందంటే ముందు బుష్ చూడండి

పోయిన పాఠంలో బోటును స్లిప్‌వే మీదికి లాగి, ప్రొపెల్లర్ ఊడదీసి, ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ విప్పి పెట్టుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తూర్పు తీరంలో ఇలాంటి పనులన్నీ ఆ 61 రోజుల్లోనే పడతాయి. లేత్ షాపుల దగ్గర మే నెలాఖరుకి లైను కడతారు, కాబట్టి షాఫ్ట్ పని మొదటి వారాల్లోనే మొదలుపెట్టుకోండి.

ప్రొపెల్లర్‌ను తిప్పే ఇనుప కడ్డీ, అంటే షాఫ్ట్, ఇంజన్ దగ్గర బయల్దేరి బోటు వెనక స్టెర్న్ ట్యూబ్ అనే గొట్టంలోంచి నీళ్ళలోకి వెళ్తుంది. లోపలి చివర గ్లాండ్ ఉంటుంది. షాఫ్ట్ చుట్టూ తాడు చుట్లు కూరి ఉండే ఆ గ్లాండే నీటిని ఆపేది. బయటి చివర బుష్ ఉంటుంది. ఇత్తడి గొట్టానికి లోపల రబ్బరు పూత, ఆ రబ్బరులో పొడుగునా గాడులు. గాడుల్లో పారే సముద్రపు నీరే దీనికి ఆయిల్, గ్రీజు అన్నీ.

గ్లాండ్ కారుతోందంటే అందరూ పానా పట్టుకుని గ్లాండ్ మీద పడతారు. కానీ చాలాసార్లు తప్పు బయట బుష్‌లో ఉంటుంది. బుష్ అరిగితే షాఫ్ట్ ఎగిరెగిరి తిరుగుతుంది. ఆ ఊపుకి గ్లాండ్‌లోని తాడు నలిగిపోతుంది. అప్పుడు కొత్త తాడు వేసినా నెల తిరక్కుండా మళ్ళీ కారుతుంది. అందుకే ముందు బుష్ చూడాలి.

షాఫ్ట్ వెనక కొసను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, తర్వాత పక్కలకీ కదపండి. కొంచెం సందు కొత్త బుష్‌కీ ఉంటుంది, లేకపోతే నీళ్ళు పారవు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్ 1.5 మిల్లీమీటర్లకు మించి ఆడితే మాత్రం నేను మార్చేస్తాను. అరుగుదల ఎటుందో కూడా చూడండి. అడుగున ఉంటే అది షాఫ్ట్ బరువుకి వచ్చింది, మామూలే. ఒక పక్కనే తినేసి ఉంటే ఇంజన్ లైను తప్పినట్టు, అంటే ఇంజన్, షాఫ్ట్ ఒకే తిన్నని గీతలో లేవన్నమాట. ఆ సంగతి కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో పనికొస్తుంది.

షాఫ్ట్ బయటికి లాగాక పాత బుష్ తీయాలి. దాన్ని పట్టి ఉంచే చిన్న స్క్రూలు పక్కన ఉంటాయి. పెయింటు కింద దాక్కుంటాయి కనుక గీకి వెతకండి. వాటిని మరిచిపోయి పుల్లర్ (బుష్‌ను పట్టి బయటికి లాగే పనిముట్టు) వేసి లాగి, బుష్ కూర్చునే హౌసింగ్‌నే పగలగొట్టినవాళ్ళను చూశాను. పుల్లర్‌కి రాకపోతే హ్యాక్సా బ్లేడు లోపలికి దూర్చి ఇత్తడిని పొడుగునా కోయాలి. కోత ఇత్తడి దాటుతుండగానే ఆపేయండి, హౌసింగ్ మీద గాటు పడకూడదు. తర్వాత కోసిన అంచును లోపలికి మడిస్తే బుష్ వదులైపోతుంది.

కొత్తది ఎక్కించడానికి హార్బర్‌లో మనకో సౌకర్యం ఉంది: ఐసు. బుష్‌ను రెండు గంటలు ఐసుపెట్టెలో పెడితే వెంట్రుకవాసి కుదించుకుంటుంది. ఆ వెంట్రుకవాసే చాలు. పొడుగు బోల్టు, రెండు మందపాటి వాషర్లు పెట్టి నట్టు తిప్పుతూ లోపలికి లాగండి. సుత్తితో కొడితే అంచు వంగి రబ్బరు లేస్తుంది. స్క్రూలు అతిగా బిగించొద్దు, రబ్బరు లోపలికి ఉబ్బి షాఫ్ట్‌ను పట్టేస్తుంది. షాఫ్ట్ తిరిగి దూర్చేటప్పుడు సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు వద్దు, గాడుల్లో కూరుకుపోయి ఇసుకను పట్టుకుంటుంది.

షాఫ్ట్ చేతిలో ఉండగానే గ్లాండ్ తగిలే చోట బొటనవేలి గోరుతో గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే సన్నటి ఎమరీ పేపర్‌తో తుడిచి వాడుకోవచ్చు. తట్టుకుంటే లేత్ షాపుకి తీసుకెళ్ళండి. గాడి పడ్డ షాఫ్ట్ మీద ఎంత మంచి తాడు వేసినా డబ్బు దండగే.

ఇప్పుడు గ్లాండ్ రోప్, అంటే గ్లాండ్‌లో కూరే తాడు. పాత చుట్లు ఒక్కొక్కటే లెక్కపెడుతూ తీయండి. చివరి చుట్టు బొగ్గులా నల్లగా గట్టిపడి అడుగున అతుక్కుని ఉంటుంది. టార్చి వేసి చూసి తీరాలి. దాని మీదే కొత్తవి కూరితే గ్లాండ్ సరిగ్గా కూర్చోదు. తాడు సైజు లెక్క తేలిక: గ్లాండ్ లోపలి వ్యాసంలోంచి షాఫ్ట్ వ్యాసం తీసేసి సగం చేయండి. 70లోంచి 50 పోతే 20, అందులో సగం 10. అంటే 10 మిల్లీమీటర్ల తాడు. కొలిచి కొనండి, పాత తాడు ముక్క చూపించి కొంటే నలిగిన సైజే ఇస్తారు. స్టీలు షాఫ్ట్‌కి గ్రాఫైట్ తాడు వద్దు. ఉప్పునీటిలో షాఫ్ట్‌కి గుంటలు పడతాయి.

షాఫ్ట్ మీదే తాడు చుట్టి, పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోయండి. ఒక పొడుగు తాడును స్ప్రింగులా చుట్టి కూరడం తప్పు, ప్రతి చుట్టూ విడిగా ఉండాలి. నాలుగు చుట్లైతే మొదటి దాని అతుకు గడియారంలో 12 దగ్గర, రెండోది 6, మూడోది 3, నాలుగోది 9 దగ్గర రావాలి. అతుకులన్నీ ఒకే వరసలో ఉంటే నీటికి దారి ఇచ్చినట్టే. ఒక్కో చుట్టుకీ గ్రీజు పూసి, నిలువుగా చీల్చిన పీవీసీ పైపు ముక్కతో లోపలికి నెట్టి కూర్చోబెట్టండి. ఆఖర్న గ్లాండ్ నట్లు చేతివేళ్ళతో మాత్రమే బిగించి వదిలేయండి.

అసలు బిగింపు ఇంజన్ లైను చూశాకే. అయినా లెక్క ఇప్పుడే చెబుతాను. గేరు వేసి అరగంట నడిపాక, రెండు పక్కల నట్లనూ సమానంగా, ఒక్కో పలక (నట్టుకున్న ఆరు పక్కల్లో ఒకటి) చొప్పున తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగా నిమిషానికి మూడు నాలుగు చుక్కలు పడాలి. ఆ చుక్కలే గ్లాండ్‌ను చల్లగా ఉంచుతాయి. ఇంజన్ ఆపి గ్లాండ్ మీద చెయ్యి పెడితే ఆనించి ఉంచగలగాలి, చుర్రుమంటే బిగింపు ఎక్కువైనట్టు. తిరిగే షాఫ్ట్ దగ్గరికి భుజాన తువ్వాలుతో వెళ్ళకండి.

పని నేర్చుకునే రోజుల్లో నేను ఓ బోటుకి ఒక్క చుక్క రాకుండా బిగించాను. ఓనరు మెచ్చుకుని టీ ఇప్పించాడు. రెండు నెలలకి అదే షాఫ్ట్ బయటికి తీస్తే గ్లాండ్ దగ్గర గోరు మునిగేంత గాడి ఉంది. షాఫ్ట్ ఖర్చులో కొంత నా కూలీలోంచే పోయింది.

వచ్చే పాఠం కప్లింగ్ లైను. సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజ్ ఒకటి కొని ఉంచండి. బోటు నీళ్ళలోకి దిగాక కనీసం ఒక రోజు ఆగితే గానీ చెక్క తన ఆకారానికి రాదు. అందాకా కప్లింగ్ బోల్టులు వదులుగానే ఉండనివ్వండి, గ్లాండ్ దగ్గర నీళ్ళు ఎన్ని వస్తున్నాయో పొద్దున్నా సాయంత్రం చూసుకోండి.